ప్రాణమున్న పొడి

బేకరీ మాస్టారికి ఆ ఆసుపత్రి మొత్తంలో నచ్చింది ఒక్కటే, ఒక మందు పొట్లం. పేగు ఆపరేషన్ అయిన భార్యకు యాంటీబయాటిక్స్ పడక విరేచనాలు పట్టుకుంటే డాక్టరమ్మ ఆ పొడి రాసింది.

"ఇది బాక్టీరియా కాదండీ, ఈస్ట్. యాంటీబయాటిక్ దీన్నేం చెయ్యలేదు. పేగుల్లో మంచి బాక్టీరియా మళ్లీ కోలుకునేదాకా ఇది కాపలా కాస్తుంది."

మాస్టారు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "మా ఇంటి చుట్టమేనండీ! బేకరీలో పిండి పొంగించి ఇన్నేళ్లూ మాకింత తిండి పెట్టింది అదే" అని కనబడ్డవాళ్లందరినీ ఊదరగొట్టాడు.

నర్సు పొట్లాన్ని గది బయట సింకు దగ్గర చింపి, నీళ్లలో కలిపి తెచ్చేది. మాస్టారికి అది మింగుడు పడలేదు. బతికుందో లేదో చూడకుండా ఈస్ట్‌ని పిండిలో వేసే మనిషి కాడాయన. "నువ్వు మిగతావాళ్లని చూసుకో తల్లీ, ఇది నాకొదిలెయ్" అన్నాడు. ఆ పిల్లకు ఊపిరి సలపని పని. సరేనంది.

ఇక చూడండి ఆయన వైభోగం. మంచం పక్కనే పొట్లం చింపడం, వాసన పీల్చడం, గోరువెచ్చటి నీళ్లలో కాస్త పంచదారతో కలిపి నురగ కోసం కాచుకోవడం. "బతికే ఉందే!" అని చూపిస్తే, "మీ చాదస్తం మండ, తాగనివ్వండి" అని భార్య నవ్వేది. తాగించాక ఆవిడ మెడ తుడిచేవాడు. మెడ దగ్గర నరంలోకి వెళ్లే సెలైన్ గొట్టం మీద పట్టీ ఊడివస్తుంటే అదే చేత్తో నొక్కి అతికించేవాడు.

ఉన్నట్టుండి ఆవిడకు చలిజ్వరం వచ్చింది. మంచం కడ్డీలు గలగలలాడేంత వణుకు. మందులు మార్చినా దిగలేదు. డాక్టరమ్మ మాస్టారిని వరండాలోకి పిలిచింది.

"రక్తపరీక్షలో ఈస్ట్ కనబడింది. పేగుకి వేసిన కుట్టు ఊడి, అక్కణ్నుంచి రక్తంలోకి వచ్చిందేమోనని అనుమానం. మళ్లీ పొట్ట తెరవాలి."

"తట్టుకుంటుందా అమ్మా?"

"చెప్పలేను."

మాస్టారు తన చేతులు చూసుకున్నాడు. నోరు విప్పితే పెళ్లాం ప్రాణం మీదికి తెచ్చింది తనేనని ఒప్పుకున్నట్టు. విప్పకపోతే ఆ పొట్ట మళ్లీ కోస్తారు.

"నేను మంచం దగ్గరే పొట్లం చింపానమ్మా. ఆ చేత్తోనే గొట్టం సర్దాను."

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"ఆ పొడి గాల్లోకి లేచి చేతులకి అంటుకుంటుంది. గొట్టం దారిన రక్తంలోకి పోగలదు. పేగులో ఉంటే మేలే, రక్తంలో పడితే ప్రాణం తీస్తుంది" అంది డాక్టరమ్మ. "పొడి ఆపి, గొట్టం తీసేసి, ఈస్ట్‌ని చంపే మందు ఎక్కిద్దాం. ఆపరేషన్ రేపటికి వాయిదా. కానీ నిజంగా కుట్టే ఊడి ఉంటే, ఈ ఆలస్యం ఆవిడకి ప్రమాదం. తెలుసుగా?"

మాస్టారు బెంచీ మీద కూలబడ్డాడు. ఇందాకటిదాకా తప్పు తనది కాకూడదని మొక్కుకున్నవాడు, ఇప్పుడు తనదే కావాలని దేవుడి కాళ్లు పట్టుకున్నాడు. తన మాట వల్లే ఆపరేషన్ ఆగింది. ఆ మాట పొరపాటైతే ఆమె దక్కదు. తలుపు కదిలినప్పుడల్లా ఆయన లేచి నిలబడేవాడు.

మర్నాడు నర్సు పరుగున వచ్చింది. "బాబాయ్ గారూ, జ్వరం దిగుతోంది! ఆపరేషన్ అక్కర్లేదన్నారు!"

మాస్టారు అక్కడే భోరుమన్నాడు. ఆమె బతికినందుకు ఏడ్చాడు. చంపబోయింది తనేనని తేలినందుకూ ఏడ్చాడు.

గదిలో భార్య నీరసంగా కళ్లు తెరిచి చెయ్యి చాపింది. "గుమ్మంలోనే నిలబడ్డారేం? ఇలా రండి. కాస్త చెయ్యి పట్టుకోండి."

సబ్బుతో తోమితోమి ఎర్రబడ్డ చేతుల్ని మాస్టారు వీపు వెనక దాచుకున్నాడు.

"ఇక్కణ్నుంచి బాగానే కనబడుతున్నావులేవే" అన్నాడు.