మూడో నెల నిండకముందే

నేను ఒక అట్టచక్రాన్ని. పెద్ద బిళ్ల మీద చిన్న బిళ్ల పెట్టి నడుమ మేకు బిగించారు. పెద్దదాని మీద ఏడాది తేదీలు, చిన్నదాని మీద వారాలు. ఆఖరిసారి ముట్టయిన తేదీ మీద నా బాణం పెడితే చాలు, కడుపు ఎన్నో వారమో ఇవాళ్టి తేదీకి ఎదురుగా చూపిస్తాను. ఇందులో ఒక తమాషా ఉంది. కడుపులో ఇంకా ఏమీ పడని మొదటి రెండు వారాలు కూడా లెక్కలో కలిపేస్తాను. శాస్త్రమంటారు కాబట్టి ఎవరూ నోరెత్తరు.

మందుల కంపెనీ మనిషి పెన్నులతో పాటు నన్నూ ఊరికే పంచాడు. డాక్టరుగారు నన్ను కాఫీ గ్లాసు మీద మూతగా పెట్టారు. అక్కణ్నుంచి తీసి, తుడిచి, జేబులో వేసుకుంది నర్సు కుసుమకుమారి. విజయనగరం దగ్గర చిన్న ఆసుపత్రి అది. అక్కడి ఆడవాళ్లు తేదీలు చెప్పరు, ఉగాదికి ముందనో వరికోతలప్పుడనో అంటారు. కుసుమ ఓపిగ్గా ఆ మాటల్లోంచి తేదీ లాగేది.

పెళ్లయిన చాలా ఏళ్లకు ఒక మధ్యాహ్నం, ఎవరూ లేకుండా చూసి, తన తేదీ మీదే నా బాణం పెట్టుకుంది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. మూడో నెల నిండేదాకా బయటపెట్టకూడదంటారు కదా, భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే, కాసేపటికి, పైడమ్మ అనే కొత్త కోడలు చూపించుకోవడానికి వచ్చింది. తేదీ అడిగితే, "దసరా ఎల్లాక సిరిమాను జాతర సూసొచ్చిన మర్నాడేనమ్మా. మరింక రానేదు," అంది. కుసుమ నన్ను తిప్పబోయి ఆగింది. తన కోసం పెట్టుకున్న బాణం అప్పటికే ఆ తేదీ మీద ఉంది. నవ్వింది గానీ, ఎందుకో చెప్పలేదు.

మూడో నెల నిండకముందే కుసుమకు కడుపు పోయింది. జ్వరమని సెలవు పెట్టింది. "ఎవులికీ తెలీదు కదా, అదే నయం," అన్నాడు భర్త. ఆమె సంచిలో ఉండి విన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎవరికీ తెలియకపోతే ఓదార్చడానికి ఎవరొస్తారు?

తిరిగి పనిలోకి వచ్చాక అందరూ జ్వరం గురించే అడిగారు. తగ్గిందనే చెప్పింది. నెలనెలా పైడమ్మ మాత్రం వస్తూనే ఉండేది. చివరి నెలలో ఆమె కుర్చీలో సర్దుకోకముందే, నన్ను బయటికి తీయకుండానే, "ముప్పై ఎనిమిదో వారం," అంది కుసుమ.

"సూడకుండానే సెప్పేసినారేటి సిస్టరమ్మా!"

"అలవాటైపోనాది పైడమ్మా," అంటూ బీపీ పట్టీ చుట్టింది.

పైడమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడా పిల్ల బడికి వెళుతోంది. వారాల లెక్క ఫోన్లే చెప్పేస్తున్నాయి, నన్నడిగే వాళ్లు లేరు. కుసుమ సంచి అడుగున పడి ఉంటాను.

ఏటా శ్రావణమాసంలో, తనకు నెలలు నిండాల్సిన రోజు దాటాక, ఒకసారి నన్ను తీస్తుంది. ఆ పాత తేదీ మీదే బాణం పెట్టి, ఇవాళ్టి తేదీ దగ్గర వేలు ఆనిస్తుంది. నలభై రెండో వారం దాటాక నా మీద ఏమీ అచ్చు వేయలేదు. ఆమె వేలు ఆ తెల్లటి అట్ట మీద చాలాసేపు ఉంటుంది.

బిడ్డ ఇంకా రాని రెండు వారాలు నేను కలుపుకుంటే ఎవరూ ఏమీ అనలేదు. బిడ్డ పోయాక కూడా ఆమె వారాలు లెక్కపెట్టుకుంటోంది. నేనూ ఏమీ అనను.