చెంచాడు తెలుపు

మా అక్క మంచిది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరువాత చెప్పే ఓపిక నాకు ఉండదు.

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద పికప్ అని చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. తీగ వణుకును పట్టి స్పీకరుకు పంపేది అదే. దాని మీద వేసే ప్లాస్టిక్ మూతలు మేం తయారుచేస్తాం. దుకాణాల్లో అవి నలుపు, తెలుపు, మీగడ రంగుల్లోనే దొరుకుతాయి. మా దగ్గరికొచ్చేవాళ్ళకు అవి ఆనవు. ఒకరికి పిల్లి కళ్ళ రంగు కావాలి, ఒకాయనకు అమ్మేసిన స్కూటర్ రంగు కావాలి. రంగులు కలిపేది, అచ్చుల్లో పోసేది నేను. మాట్లాడేది, ప్యాక్ చేసేది, నవ్వేది అక్క. నాకు నవ్వడం రాదని ఇంటిల్లిపాదీ ఎప్పుడో తీర్మానించేశారు.

ఆ అమ్మాయి వచ్చిన రోజు అక్క లేదు. స్నేహితులు తనను కాటుక అంటారని, తనకూ ఆ పేరే ఇష్టమని చెప్పి, చొక్కా చెయ్యి పైకి మడిచి ముంజేయి నా బల్ల మీద పెట్టింది.

"ఈ రంగు కావాలి ఆంటీ."

"ఏ రంగు?"

"ఇదే, నా రంగు. ఇంకోచోట స్కిన్ కలర్ అని అడిగితే గులాబీ రంగువి పంపించారు. ఎవరి స్కిన్నో మరి!"

నాకు నవ్వొచ్చింది. నాకే! నా చెయ్యి తీసుకెళ్ళి ఆమె చెయ్యి పక్కన పెట్టాను. అచ్చుగుద్దినట్టు ఒకటే రంగు.

"అయితే నువ్వు మళ్ళీ మళ్ళీ రానక్కర్లేదులే. నా చెయ్యి చూసుకుని కలిపేస్తాను," అన్నాను.

శనివారం సాయంత్రం మొదటిసారి స్టేజీ మీద తనే ముందు నిలబడి వాయించబోతోందట. మధ్యాహ్నానికి వచ్చి తీసుకెళ్తానంది.

ఆ రంగు నన్ను ఏడిపించింది. నలుపు అని లోకం ఒక్క ముక్కలో తేల్చేస్తుంది గానీ, గిన్నెలో నలుపు వేస్తే వచ్చేది బొగ్గు, మనిషి కాదు. గోధుమ రంగు కావాలి, ఎరుపు కావాలి, నీలం ఒక్క చుక్క, అడుగున ఎక్కడో పసుపు. పైగా అచ్చుల్లో పోసే రెసిన్ అనే జిగురు పచ్చిగా ఉన్నప్పుడు ఒక రంగు, గట్టిపడ్డాక ఇంకో రంగు. చిన్న చిన్న బిళ్ళలు పోసి, ఆరాక ముంజేతి మీద పెట్టుకుని కిటికీ దగ్గర చూసుకునేదాన్ని. చివరికి ఒక బిళ్ళ నా చర్మం మీద కనబడకుండా పోయింది. ఆ రోజంతా కూనిరాగాలు తీశానట, అక్క ఎగతాళి చేసింది.

మర్నాడు పన్ను పీకించుకోవడానికి వెళ్ళాల్సి వచ్చింది. రంగు కలిపిన రెసిన్ సిద్ధంగా ఉంది, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలపడమే మిగిలింది. "హార్డెనర్ కలిపి అచ్చుల్లో పోసెయ్, అంతే," అని అక్కకు చెప్పి వెళ్ళాను. పోయడం అక్కకు బాగానే వచ్చు.

శనివారం ఉదయం అచ్చులు విప్పాను. మూతలు నున్నగా, ఒక్క బుడగ లేకుండా వచ్చాయి. రంగే వేరు. పాలు ఎక్కువైన టీలా ఉన్నాయి. ముందు నన్ను నేనే తిట్టుకున్నాను, నా పాళ్ళే తప్పాయనుకుని.

"ఇదేంటక్కా?"

"బాగొచ్చాయి కదే! చెంచాడు తెలుపు కలిపాను. మరీ అంత నల్లగా ఉంటే స్టేజీ మీద ఏం బాగుంటుంది, పాపం ఆడపిల్ల. కాస్త చామనఛాయకి తెచ్చాను."

"ఆ పిల్ల అడిగిందా నిన్ను?"

"నోరు తెరిచి ఎవరడుగుతారే? మనమే చూసి చెయ్యాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడు బళ్ళో ఫోటో తీసే రోజున అక్క తన పౌడరంతా నా మొహానికి పట్టించేది. మెడ దగ్గర గీత తెలియకుండా అరచేత్తో సర్దేది. 'నలుపు నారాయణుడు మెచ్చు' అంటూ చుట్టాలు ముసిముసిగా నవ్వితే వాళ్ళ మీదికి వెళ్ళేది కూడా అక్కే. "మా చెల్లి అంత నలుపేం కాదు!" అని. అదీ నా తరఫున పోట్లాట! ఇన్నేళ్ళూ దాన్ని ప్రేమనుకుని మురిసిపోయాను. ప్రేమే కావచ్చు. అందుకే ఇంకా మండింది.

"నా చెయ్యి చూసి కలిపాను ఆ రంగు. నా చెయ్యి!"

"అయితే?"

"అయితే ఏంటా? నువ్వు తెలుపు కలిపింది ఎందులో అనుకుంటున్నావ్?"

"అబ్బ, గోరంత దాన్ని కొండంత చేస్తావే. ఏం చేసినా మీ మంచికే కదా."

"మా మంచి నీ దగ్గరే అట్టేపెట్టుకో!"

అరిచాను. పీకిన పంటి చోట మళ్ళీ నెత్తురొచ్చింది. కొత్తగా పోసి ఆరబెట్టే వ్యవధి లేదు. మధ్యాహ్నం కాకముందే ఆ అమ్మాయి రానే వచ్చింది. అక్క నాకంటే ముందు ఎదురెళ్ళి పెట్టె చేతిలో పెట్టింది.

"చూడమ్మా, ఎంత కళగా వచ్చాయో."

కాటుక ఒక మూత తీసి ముంజేతి మీద పెట్టుకుంది. కాసేపు చూసింది. తరువాత నవ్వింది.

"బాగున్నాయి ఆంటీ."

"నిజం చెప్పు," అన్నాను.

"పర్లేదు ఆంటీ. ఫోటోలు తీసేవాళ్ళు కూడా ఇలాగే చేస్తారు. నాకు అలవాటే."

ఇంత లేత వయసుకే అలవాటైపోయిందా! ఆమె చేతిలోంచి మూత లాక్కున్నాను. అక్క మణికట్టు పట్టుకుని బల్ల మీదికి లాగి, ఆ మూతను అక్క ముంజేతి మీద పెట్టాను.

కనబడకుండా పోయింది. తీగల కింది అయస్కాంతాల కోసం వదిలిన ఆరు బెజ్జాలు మాత్రమే తెలుస్తున్నాయి.

అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నా చెయ్యి చూసి కలపలేదే, ఒట్టు," అంది మెల్లగా. "బాగుందనిపించేదాకా కలిపానంతే."

"నేను చెప్పేదీ అదే."

కాటుక మిగతా మూతలు కూడా పెట్టెలోంచి తీసి ఒక్కొక్కటే అక్క ముందు పెట్టింది.

"ఇవి మీవి ఆంటీ. ఇవాళ్టికి మూతల్లేకుండానే వాయిస్తాను, లోపలి తీగచుట్టలు కనిపిస్తే కనిపించనీ." నా వైపు తిరిగింది. "నావి ఎప్పుడిస్తారు?"

"సోమవారం."

ఆమె వెళ్ళిపోయాక అక్క ముక్కు ఎగబీల్చి రంగుల డబ్బాల వైపు చెయ్యి చాచింది. "ఇటివ్వు. ఈసారి నువ్వెలా చెబితే అలా కలుపుతా."

"ముట్టుకోకు."

అక్క ఏడ్చింది. నా కోసం ఊరందరితో తగువులాడిన అక్క. దగ్గరికి తీసుకోవాలని తెలుసు. మనసు రాలేదు. శుభ్రమైన గిన్నె తీసుకుని గోధుమ రంగుతో మళ్ళీ మొదలుపెట్టాను.