పెద్దమ్మాయి కూర్చుంది

దువ్వెన మళ్లీ చేతిలోంచి జారి సిమెంటు గచ్చు మీద పడింది. నల్ల కుక్క తల తిప్పి అతని ముఖంలోకి చూసింది.

"ఏం లేదే... నిదానం, నిదానం," అన్నాడు.

ఆ మాట కుక్కతో అన్నాడో, తన ఎడమ చేతితో అన్నాడో అతనికే తెలియలేదు. రోజంతా నోట్లో నానే ఆ మాటే చివరికి అతని పేరైంది. జాగిలాల దళంలో పైఅధికారి పెద్దసారు మొదలుకొని వంటమనిషి దాకా అందరికీ అతను నిదానమే. జీతాల గుమాస్తా కూడా అసలు పేరు కోసం కాసేపు తడుముకోవాల్సిందే. పొట్టి మనిషి, బట్టతల, కొంచెం ముందుకు వంగిన భుజాలు. పదిమందిలో నిలబడితే మూలన ఆనించిన గొడుగులా ఎవరి కంటికీ ఆనడు.

అతని పని కూడా అలాంటిదే. పొద్దున్నే కుక్కని తీసుకుని రైల్వేస్టేషన్‌కి వెళ్లాలి. ప్రయాణికుల సామాన్ల మధ్య దాన్ని నడిపించాలి. పేలుడు మందు వాసన తగిలితే ఆ కుక్క మొరగదు, గీకదు. ఆ సామాను ముందు చప్పుడు చెయ్యకుండా కూర్చుంటుంది. అది కూర్చుందంటే హాలు ఖాళీ చేయించాల్సిందే. ఇన్నేళ్లలో అది కూర్చున్నదల్లా శిక్షణ కోసం వాళ్లే దాచిపెట్టిన పొట్లాల ముందు మాత్రమే. ఏమీ జరగని రోజులే అతను కూడబెట్టుకున్న ఆస్తి.

ఇంట్లో ఆ కుక్క పేరు పెద్దమ్మాయి. అతని భార్య నిండు నెలలతో ఉన్నప్పుడు అది ఏడాది పిల్లగా దళంలో చేరింది. బిడ్డకన్నా ముందొచ్చింది కాబట్టి ఇది పెద్దమ్మాయి, పుట్టబోయేది చిన్నమ్మాయి అని ఆమె హాస్యానికి అంది. ఆ హాస్యమే స్థిరపడిపోయింది. రాత్రిళ్లు కుక్క షెడ్డులోనే పడుకోవాలని నిబంధన. కానీ సాయంత్రం నడక పేరుతో వెనకున్న క్వార్టర్సులోకి రోజూ ఒక చుట్టు వచ్చి పోయేది. చిన్నమ్మాయి దాని చెవులు పట్టుకునే నడక నేర్చింది. బళ్లో టీచరు "మీరెంతమంది పిల్లలు?" అనడిగితే "నేనూ, మా అక్కా" అందట. "మీ అక్క ఏం చదువుతోంది?" అంటే, "చదవట్లేదు టీచర్, ఉద్యోగం చేస్తోంది" అందట.

ఎండలు ముదరకముందే ఎడమ చేతిలో ఆ వణుకు మొదలైంది. ముందు బొటనవేలు, చూపుడువేలు, మధ్యలో ఏదో గింజని నలుపుతున్నట్టు. నిద్ర చాలకేమో అనుకున్నాడు. తర్వాత మణికట్టు దాకా పాకింది. తెలిసినవాళ్లెవరూ రాని చోట ఒక డాక్టరుకి చూపించుకున్నాడు. ఆయన చెప్పిన జబ్బు పేరు నోరు తిరగలేదు గానీ, "పూర్తిగా తగ్గేది కాదు, మందులతో నెట్టుకురావాలి" అన్న మాట మాత్రం బాగా అర్థమైంది. భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచీ ఆమెది ఒకటే పోరు.

ఇవాళ పొద్దున్న కూడా అతని చొక్కా గుండీలు పెడుతూ అదే అడిగింది.

"ఇవాళైనా పెద్దసారుకి చెప్తారా?"

"చెప్తాలే."

"చివర్న ఆ 'లే' ఎందుకండీ?"

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. "మీ చేతిలో ఉన్నది కూరగాయల సంచీ కాదు. నాకు పొద్దస్తమానం గుండెలు పీచుపీచుమంటున్నాయి" అంది.

స్టేషన్ హాలంతా ఫినాయిల్ వాసన. బళ్లకి సెలవులు కదా, బెంచీల మీదా నేల మీదా జనం, జనం కాళ్ల దగ్గర సూట్‌కేసులు, మూటలు, అట్టపెట్టెలు. అతను తోలు పట్టీని ఎడమ చేతికి ఒక చుట్టు చుట్టుకుని, మొదటి వరసలోకి దింపాడు కుక్కని.

ఆ పట్టీయే వాళ్లిద్దరి భాష. వదులైతే ముందుకి పద అని. చిన్నగా కదిపితే ఇంకోసారి చూడు అని. నోటితో చెప్పాల్సిన అవసరం ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఆ పట్టీ ఊరుకోవడం లేదు. అతను ముందుకి పద అంటుంటే, అతని వేళ్లు ఇంకోసారి చూడు, ఇంకోసారి చూడు అంటున్నాయి. కుక్క ఒక సూట్‌కేసుని రెండుసార్లు చూసింది. ఒక మూటని మూడుసార్లు చూసింది. వెనక్కి తిరిగి అతన్ని చూసింది. అతను కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని బిగించాడు. అలా పట్టుకున్నకొద్దీ వణుకు ఎక్కువైంది. చెమట కణతల మీంచి కారి కాలర్లోకి దిగుతోంది.

మూడో వరసలో, చంటిబిడ్డని భుజాన వేసుకున్న ఒక అమ్మాయి కాళ్ల దగ్గర, నీలం రంగు బట్టసంచీ. దాని ముందు పెద్దమ్మాయి కూర్చుంది.

నిజంగా వాసన తగిలినప్పుడు దాని ముక్కు సామానుకి అతికించినట్టుంటుంది, తోక కర్రలా బిగుస్తుంది. ఇప్పుడు దాని కళ్లు సంచీ మీద లేవు, అతని మీదున్నాయి. లెక్క తెలియక ఏదో ఒక జవాబు చెప్పేసిన పిల్లలా చూస్తోంది. ఇదేనా? నువ్వడుగుతున్నది ఇదేనా?

సంచీలో ఏమీ లేదని అతనికి తొంభై పాళ్లు తెలుసు. మిగిలిన పది పాళ్లూ అతన్ని అక్కడే నిలబెట్టాయి. హాల్లో ఉన్న ఇంతమంది ప్రాణాలు తన అంచనాకి వదిలెయ్యగలడా? అతను కుడి చెయ్యి పైకెత్తాడు.

ఆ తర్వాత ఈలలు, అరుపులు, ఉరుకులు. పొరుగు స్టేషన్ నుంచి కూడా దళం వాళ్లు వచ్చారు. లావుపాటి రక్షణ దుస్తులు తొడుక్కున్న ఇద్దరు మనుషులు నీలం సంచీని మైదానంలోకి మోసుకెళ్లి విప్పారు. చంటిబిడ్డ చొక్కాలు, ఒక తువ్వాలు, పాలసీసా, మందుల చీటీ. ఇంకేమీ లేవు. ఈలోగా ఆ అమ్మాయి ఎక్కాల్సిన బండి వెళ్లిపోయింది.

సంచీ తిరిగి ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"మా నాన్నకి బాగోలేదు సార్. త్వరగా రమ్మన్నారు. ఇంకో బండి సాయంత్రం దాకా లేదంట" అని, వెక్కిళ్లు పెడుతున్న బిడ్డ వీపు నిమురుతూ, "కుక్క పొరబడిందా సార్?" అని అడిగింది.

"అవునమ్మా," అన్నాడు అతను.

పక్కనే కూర్చున్న పెద్దమ్మాయి ఆ గొంతు విని తోక ఊపింది.

పెద్దసారు మంచివాడే. గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించాడు. నిదానం గ్లాసు కుడి చేత్తో అందుకుని, ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు.

"దానికీ వయసైంది కదయ్యా. ముక్కు మొద్దుబారి ఉంటుంది. ఇంక పనికిరాదని రాసేద్దాం. నీకిష్టమైతే నువ్వే ఇంటికి తీసుకుపో, నేను చూసుకుంటాను. మీ చిన్నది గంతులేస్తుంది. నీకు మంచి కుక్కపిల్లని ఇప్పిస్తాను, కొత్తగా మొదలుపెట్టు. ఏమంటావ్? సాయంత్రంలోగా చెప్పు."

అతను లేచి నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. ఉద్యోగం ఉంటుంది. కుక్క ఇంటికొస్తుంది. ఇంతకన్నా అడగడానికి ఏముంది? అయినా షెడ్డు వైపు చూడకుండా ఇంటికి నడిచాడు.

మధ్యాహ్నం ఇంట్లో సంగతంతా చెప్పాడు. భార్య వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టింది.

"ఇంటికి రానివ్వండి దాన్ని," అంది.

అతను తెల్లబోయాడు. "ఇన్నాళ్లూ చెప్పు చెప్పు అని నా ప్రాణం తీసింది నువ్వేగా?"

"తీశాను. చెప్తే మీ పని పోతుంది, దాన్ని ఇంకెవరికో ఇచ్చేస్తారు. అది తెలిసే చెప్పమన్నాను. మీరు బతికుంటే చాలనుకున్నాను. ఇప్పుడు రెండూ నిలబడే దారి ఆయనే చూపిస్తుంటే కాదనడమెందుకు? ఎవరికి నష్టం? అదీ అలిసిపోయింది. ఇంత నీడపట్టున పడుంటుంది." ఆమె గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుంది. "చిన్నది రోజూ అడుగుతోంది, అక్క మనింట్లో పడుకోదా అని."

"నాకు కొత్త పిల్లని ఇస్తారట."

"ఇస్తే మంచిదేగా."

"దాన్నీ ఈ చేత్తోనే పట్టుకోవాలి."

ఆమె పులుసు గిన్నె దగ్గరికి జరిపింది. అతను కంచంలోకి చూస్తూ అన్నాడు: "ఇవాళ ఉత్త సంచీ ముందు కూర్చుంది కాబట్టి సరిపోయింది. ఇలాంటివి నాలుగు జరిగితే, అయిదోసారి కుక్క నిజంగా కూర్చున్నా నేనే నమ్మను. లాక్కుపోతాను. అప్పుడు ఆ సంచీలో ఏముంటుందో." అన్నం కెలుకుతూ, "ఆ సంచీ అమ్మాయితో కుక్కదే తప్పని చెప్పాను. అది నా పక్కనే కూర్చునుంది. నాకేసి చూసి తోక ఊపింది" అన్నాడు.

భార్య లేచి వచ్చి అతని ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ వణుకు ఆమె చేతుల్లోకీ వచ్చింది. "తిని వెళ్లండి," అంది. అతను రెండు ముద్దలు కూడా మింగలేకపోయాడు.

తిరిగి వెళ్లి పెద్దసారు బల్ల మీద అతను ఎడమ చెయ్యి చాపాడు. వేళ్ల కిందున్న కాగితాలు గలగలమన్నాయి.

"దాని ముక్కు పోలేదు సార్. నా చెయ్యి పోయింది."

పెద్దసారు ఆ చేతికేసి, మనిషికేసి మార్చి మార్చి చూశాడు. "ఎన్నాళ్లయింది?"

"ఎండలకి ముందు నుంచీ."

"అప్పట్నుంచీ ఆ హాల్లో తిరుగుతున్నావా ఈ చేత్తో?" ఆయన గొంతు లేచింది. "ఎంతమంది ఉంటారయ్యా ఆ హాల్లో! నీకు పిల్లలు లేరా?"

అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తిట్లు పడుతుంటే, పొద్దుట్నుంచీ బిగపట్టిన ఊపిరి కొంచెం వదిలినట్టే ఉంది. కేకలన్నీ అయ్యాక పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. విచారణ తప్పదన్నాడు. రేపట్నుంచి సామాన్ల గదిలో పనిచెయ్యమన్నాడు. కుక్కని మాత్రం ఇప్పుడే పరీక్షిద్దామన్నాడు.

షెడ్డు వెనక మైదానంలో రేకు డబ్బాలు వరసగా పెట్టి, ఒకదాంట్లో పేలుడు మందు పొట్లం దాచారు. పొద్దుట పొరుగు స్టేషన్ నుంచి వచ్చిన దళంలో ఒక అమ్మాయి ఉంది. ఆమె చూసుకునే కుక్క ఈమధ్యే జబ్బుచేసి చనిపోయింది. పట్టీ ఆమె చేతికిచ్చారు. తనని చూస్తే కుక్క మనసు ఇటే ఉంటుందని నిదానం షెడ్డు కిటికీ వెనక నిలబడ్డాడు. అది పరీక్ష తప్పితే బాగుండునని ఒక క్షణం అనిపించింది. తప్పితే ఇంటికొస్తుంది. ఆ ఆలోచనకి తనకే సిగ్గేసింది.

పెద్దమ్మాయి మొదట వెనక్కి వెనక్కి చూసింది. పట్టీ మెత్తగా వదులైంది. అది తల దించి నడిచింది. ఒక డబ్బా, ఇంకో డబ్బా. తోక బిగిసింది. ముక్కు డబ్బాకి ఆనించి, కళ్లు పక్కకి తిప్పకుండా, కూర్చుంది.

కిటికీ ఊచలు పట్టుకుని అతను నవ్వాడు, ఏడ్చాడు. రెండూ ఒకేసారి వచ్చాయి.

కుక్కని ఆ అమ్మాయికే అప్పగించి, ఆలస్యం చేస్తే అందరికీ కష్టమేనని, ఆ సాయంత్రమే తన స్టేషన్‌కి తీసుకుపొమ్మన్నాడు పెద్దసారు. గేటు దగ్గర వ్యాను ఆగింది. భార్య చిన్నమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది.

"నాన్నా, అక్కకి బదిలీ అయిందా?"

"అయిందమ్మా."

"ప్రమోషనా?"

"ఆ... ప్రమోషనే."

చిన్నమ్మాయి కుక్క మెడ కావలించుకుని, దాని చెవిలో ఏదో చెప్పింది. తర్వాత కొత్తామెని పైనుంచి కిందిదాకా చూసి, "ఉరుములొస్తే మంచం కింద దూరుతుంది. తిట్టకండి" అంది.

"తిట్టను. నేనూ దూరతాను దానితోపాటు," అంది కొత్తామె. అతని భార్య వైపు తిరిగి, "నా దగ్గర ఉండేదీ ఆడపిల్లే వదినా. దాని గిన్నె ఇంకా తియ్యలేదు నేను" అంది. భార్య ఆమె భుజం తట్టింది.

వ్యాను తలుపు తీశారు. పెద్దమ్మాయి ఎక్కలేదు. ఆగి, అలవాటు ప్రకారం అతని ఎడమ చేతికేసి చూసింది. అతను ఆ చేతిని జేబులో దాచుకున్నాడు. జేబు గుడ్డ కదులుతూనే ఉంది. అది ఇంకాసేపు చూసింది. కొత్తామె పట్టీ కదిపింది. అప్పుడు ఎగిరి లోపలికెక్కింది. తలుపు పడింది. అది మొరగలేదు; మొరగడం దానికి అలవాటు లేదు.

అతను అక్కణ్ణుంచి స్టేషన్‌కి నడిచాడు. సాయంత్రం బండి అప్పటికే వెళ్లిపోయింది. మూడో వరస బెంచీ మీద ఎవరో ముసలాయన నిద్రపోతున్నాడు. నీలం సంచీ అమ్మాయి తండ్రిని చూసుకుందో లేదో చెప్పేవాళ్లెవరూ లేరక్కడ.

ఇంటికొచ్చాక యూనిఫాం విప్పి, లుంగీ కట్టుకుని, పడుకున్న చిన్నమ్మాయి పక్కన ఒరిగాడు. భార్య బకెట్లో సబ్బునీళ్లు కలిపింది. చొక్కా ముంచింది. ప్యాంటు అందుకుని, ముంచబోతూ దీపం వెలుగులో ఆగిపోయింది. దాన్ని ఒకసారి విదల్చబోయి, అదీ మానేసి, జాగ్రత్తగా మడతలు సరిచేసి తలుపు వెనక కొక్కానికి తగిలించింది. ఎడమ కాలి పొడుగునా, మోకాలి నుంచి అంచు దాకా, కురచటి నల్ల వెంట్రుకలు ఖాకీ గుడ్డకి గుచ్చుకుని అలాగే ఉన్నాయి.