మేస్త్రి మోకాలి ఖరీదు

పొద్దున్నే తల్లి టీ గ్లాసు తెచ్చి కొడుకు చేతిలో పెట్టేది, అతని రెండో చెయ్యి పట్టుకుని మోకాలి నొప్పి పుచ్చుకునేది. మధ్యాహ్నం వంటయ్యాక కోడలు వచ్చి అత్తగారి దగ్గర అందుకునేది. సాయంత్రం మళ్ళీ అత్తగారి వంతు. పడుకోబోయే ముందు ఆవిడ దాన్ని కొడుక్కి అప్పజెప్పేది. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళ మధ్య నొప్పి చేతులు మారడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. మోసినందుకు ఎవరూ గొప్పలు చెప్పుకోరు. వంతు ఎగ్గొట్టిన మరిది గురించి మాత్రం ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు.

కొడుకు టైల్స్ మేస్త్రి. పని ఉన్న రోజంతా మోకాళ్ళ మీదే ఉండే మనిషి. సరుకుల వ్యాను ఒకటి వెనక్కి వస్తూ అతన్ని గోడకేసి నొక్కింది. ఎడమ మోకాలి చిప్ప పగిలింది. ఏడాది తిరక్కుండానే కర్ర వదిలేసి నడిచాడు. బీమా కంపెనీ పంపిన డాక్టరు వంచి చూసి, నొక్కి చూసి, వైకల్యం నామమాత్రమే అని రాశాడు. మేస్త్రి అదృష్టమే అనుకున్నాడు.

ఆ ఏడాదే తల్లి కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసింది. బెల్టు తెగిందంది. కొత్త బెల్టు తెస్తే, కళ్ళు ఆనడం లేదు, సూదిలో దారం ఎక్కడం లేదంది. ఈ వయసులో ఏం కుడతావులే అన్నాడు కొడుకు.

నష్టపరిహారం మీద రాజీ రోజున ముగ్గురూ తమ లాయరమ్మ గదికి మెట్లెక్కి వెళ్ళారు. బీమా కంపెనీ మనిషి అప్పటికే రాజీ కాగితం బల్ల మీద పరిచి, కలం మూత తీసి పెట్టాడు.

"లెక్క ఇదీ," అంది లాయరమ్మ. "డాక్టరు రాసిన శాతాన్ని మీ సంపాదనతో, ఇంకా పనిచేయగల ఏళ్ళతో గుణించి చూస్తారు. మందుల ఖర్చు, పడ్డ బాధ దానికి కలుస్తాయి. గుమాస్తా మోకాలూ మేస్త్రి మోకాలూ ఒక ధర కాదు. కానీ శాతమే తక్కువుంటే నేను ఎంత అరిచినా లాభం లేదు. సంతకం పెట్టాక మళ్ళీ అడగడానికి ఉండదు, రేపు కాలు తిరగబెట్టినా సరే."

"ఈ రాజీ మాట ఈ పూటకే," అన్నాడు కంపెనీ మనిషి. "తర్వాత కోర్టులో చూసుకోవాలి. పరీక్షకి ముందు నొప్పంతా వెనక్కి తీసుకున్నారు కదా? ఇంట్లో ఎవరి దగ్గరా మిగల్లేదుగా?"

రక్తపరీక్షకి పరగడుపున వచ్చారా అని అడిగినట్టు అందరినీ అడిగే ప్రశ్నే అది.

"మొత్తం తీసుకున్నానండి," అని మేస్త్రి కలం అందుకున్నాడు.

కోడలు అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, మొత్తం ఇచ్చారా?"

"ఇవ్వక దాచుకోవడానికి అదేమన్నా బంగారమా?"

"మొదట్లో ఆయన దగ్గర నేరుగా తీసుకుంటే బిందెడు ఉండేది. మీ చేతుల మీదుగా వచ్చేసరికి చెంబెడే ఉంటోంది. తగ్గిందనుకున్నాను. ఇందాక మీరు మెట్లెక్కుతుంటే ఎడమకాలు ఈడ్చడం చూశాను."

మేస్త్రి చేతిలో కలం కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

"అమ్మా, చెయ్యి ఇలా తే."

"ముందు సంతకం పెట్టు. పనిలోకి పోవాల్సినవాడివి. నాకేం, కూర్చునేదాన్ని. నొప్పి ఎక్కడుంటే ఏం?"

ఆవిడ రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది. కంపెనీ మనిషి గడియారం చూసుకున్నాడు. లాయరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుని నెమ్మదిగా అడిగింది.

"మీరున్నన్నాళ్ళూ మీరు మోస్తారమ్మా. మీ తర్వాత అది ఎక్కడికి పోతుంది?"

అందరికీ తెలిసిందే. మోసేవాళ్ళు పోతే నొప్పి తన మనిషి దగ్గరికే తిరిగొస్తుంది. ముసలావిడకీ తెలుసు. కానీ కొడుకు నడుస్తుంటే చూడ్డంలో పడి, అంత దూరం ఆలోచించలేదు. ఇప్పుడు కొంగు విప్పి చెయ్యి చాపింది.

కొడుకు ఆ చెయ్యి పట్టుకున్నాడు. కలం కింద పడింది. బల్ల అంచు పట్టుకున్నా నిలవలేక పక్కకి ఒరిగిపోతుంటే భార్య భుజం ఆనించింది. ఊపిరి అందాక అతను అడిగింది ఒక్కటే: "ఇంత మోస్తూ నాకు టీ తెచ్చావా?"

కంపెనీ మనిషి కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

రెండోసారి పరీక్షలో, ఈ మనిషి ఇక మోకాళ్ళ మీద పని చెయ్యలేడని రాశారు. వచ్చిన డబ్బుతో అతను టైల్స్ దుకాణంలో వాటా కొన్నాడు. వేరేవాళ్ళు పరిచే నేలకి కుర్చీలో కూర్చుని రంగులు చూపిస్తాడు. అతనికది సంతోషంగా ఏం లేదు.

ఇప్పుడూ పొద్దున్నే తల్లి టీ తెస్తుంది. అతను ఒక చేత్తో గ్లాసు అందుకుని రెండో చెయ్యి తొడ కింద దాచేస్తాడు. ఆవిడ కాసేపు నిలబడి, గొణుక్కుంటూ లోపలికి పోతుంది.

ఒకరోజు అలా వెళ్ళిన కాసేపటికి, లోపలి గదిలోంచి కుట్టుమిషను తొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"సూదిలో దారం ఎవరెక్కించారమ్మా?" అని అడిగాడు.

"నేనే," అంది తల్లి. మిషను ఆగలేదు.