మాట్లాడకూడని బల్ల

తూటాలు చేసే కొత్త ప్రెస్ వచ్చిన పెట్టె విప్పడానికి మార్లిస్‌కి మూడు వారాలు పట్టింది. బరువని కాదు. ఇరవై ఏళ్లుగా స్కూలు బస్సు నడిపి గట్టిపడ్డ చేతులు ఆవిడవి. అది బల్ల మీదికి ఎక్కితే పక్కన డెల్మర్ కుర్చీకి చోటుండదని.

పదకొండేళ్ల పాటు ప్రతి ఆదివారం చర్చి కాగానే డెల్మర్ ఆవిడ గరాజుకి వచ్చేవాడు. ఆయన భార్యా పోయింది, ఈవిడ భర్తా పోయాడు. వాళ్ల ఊళ్లో, మైల్స్ సిటీ తుపాకీ క్లబ్బులో, ఇద్దరూ పిస్తోలు పోటీలకి దిగేవాళ్లు, తూటాలు ఇంట్లోనే చేసుకునేవాళ్లు. పాత ప్రెస్ ఒక్కసారికి ఒక్క పనే చేసేది. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని ఆయన సరిచేసి, అడుగున ప్రైమర్, అంటే దెబ్బ తగిలితే నిప్పు రగిలించే చిన్న బిళ్ల, దిగేసి ఇటు తోసేవాడు. ఈవిడ తుపాకీ మందు తూచి పోసేది. మళ్లీ ఆయన పైన గుండు కూర్చి బిగించేవాడు.

మందు డబ్బా మూత తీశాక మాటలు బంద్. ధ్యాస తప్పి ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పడిందంటే తుపాకీ చేతిలోనే పేలుతుంది. ఆ నియమం పెట్టింది డెల్మరే. అలా పదకొండేళ్లు మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని ఇద్దరూ నోరు విప్పలేదు. పనయ్యేసరికి పొద్దుగూకేది. ఆయన నిలబడే ఒక కాఫీ తాగి, "మంచు పడేలా ఉంది," అని వెళ్లిపోయేవాడు.

కిందటి సెప్టెంబరులో, దక్షిణాన ఎక్కడో అమరిల్లోలో ఉన్న ఆయన అక్క ఐరీన్‌కి పక్షవాతం వచ్చింది. చూసుకోడానికి ఇంకెవరూ లేరు. డెల్మర్ ఇల్లు అమ్మేసి, సామానంతా పికప్‌లో సర్దుకుని, వెయ్యి మైళ్ల అవతలికి వెళ్లిపోయాడు. బయల్దేరే రోజున కూడా ఆవిడ వాకిట్లో నిలబడి టైర్లలో గాలి గురించే మాట్లాడాడు. ఆవిడా టైర్ల గురించే జవాబు చెప్పింది.

చలికాలమంతా ఆవిడ ఒక్కతే పాత ప్రెస్‌తో తంటాలు పడింది. యాభై తూటాలకే సాయంత్రమయ్యేది, భుజం పట్టేసేది. వసంతంలో పోటీలు మొదలవుతాయి. అందుకే ఈ కొత్తది తెప్పించింది.

మార్చి నెల రెండో ఆదివారం పెట్టె విప్పి, ప్రెస్‌ని బల్లకి బోల్టులతో బిగించింది. తిరిగే పళ్లెంలో ఐదు గళ్లు, వాటి పైన వరసగా అచ్చులు. దాంతో వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని, మొదట మందు లేకుండా ఒక్క గొట్టాన్నే గడి గడికీ నడిపించి చూసింది. తర్వాత మందు పోయించి, పడిన మోతాదునల్లా త్రాసులో తూచింది. ఇరవైసార్లూ ఒకేలా వచ్చింది. అప్పుడు అన్ని గళ్లూ నింపి పిడి లాగింది. లాగిన ప్రతిసారీ పూర్తయిన తూటా ఒకటి టక్కుమని డబ్బాలో పడింది. తన పనీ, డెల్మర్ పనీ, అన్నీ ఆ ఇనుమే చేసేస్తోంది. ముచ్చటపడాల్సింది పోయి ఆవిడ, గోడవారకి జరిపిన డెల్మర్ కుర్చీకేసి చూసింది.

పదో తూటా తీసి అడుగు తడిమింది. ప్రైమర్ పూర్తిగా దిగలేదు, వెంట్రుకవాసి పైకి పొడుచుకుని వేలికి తగిలింది. మిగతా తొమ్మిదీ చూసింది. నాలుగు అలాగే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, ప్రెస్‌లో మందంతా తిరిగి డబ్బాలో పోసి, మూత బిగించింది. పుస్తకం తిరగేసింది. తర్వాత ఫోను తీసింది.

"నేను, మార్లిస్‌ని. ప్రైమర్లు సరిగ్గా దిగట్లేదు."

"ఏ ప్రెస్‌లో?" అన్నాడు డెల్మర్, నిన్ననే కలిసినట్టు.

"కొత్తది కొన్నాను. పిడి లాగితే తూటా."

"అయితే నా ఉద్యోగం ఊడిందన్నమాట."

"నువ్వే మానేసి పోయావుగా."

ఆయన నవ్వాడు. "పిడి వెనక్కి తోసేటప్పుడు బల్ల కదుల్తోందా?"

"కొంచెం."

"యంత్రంలో తప్పు లేదు. ఆ బల్ల నేను చిన్న ప్రెస్ కోసం చేసింది. ఇనప పట్టీ వేసి గోడకి బిగించు. పుస్తకంలో ఉండే ఉంటుంది, చూళ్లేదా?"

"చూశాను. నలభై మూడో పేజీ."

అవతల ఐరీన్ గదిలో టీవీ వినిపిస్తోంది.

"మరి ఫోనెందుకు చేశావ్?"

"మందు డబ్బా మూత పెట్టేశాను డెల్మర్. ఇప్పుడు మాట్లాడొచ్చు."

అవతల టీవీ చప్పుడు తగ్గింది. ఆవిడే అంది: "నువ్వు బయల్దేరిన రోజు ఉండమని అందామనుకున్నా. మీ అక్క సంగతి తెలిసీ అడగడం న్యాయం కాదని ఊరుకున్నా."

"అడిగినా వెళ్లేవాణ్ణే," అన్నాడు ఆయన, మెల్లగా. "కానీ అడిగుంటే బాగుండేది."

"నీకూ నోరుందిగా."

"ఉంది. ఆదివారం వస్తే ఇప్పటికీ పొద్దున్నే గడ్డం గీసుకుంటా. ఎక్కడికిరా అని ఐరీన్ ఆ వంకర మూతితోనే అడుగుతుంది. ఏం చెప్పను?"

మర్నాడు బస్సులో పిల్లల్ని దింపేశాక ఆవిడ ఇనప పట్టీలు తెచ్చి బల్లని గోడకి బిగించింది. మళ్లీ ఆదివారం నాడు వంద తూటాలు గంటలోపే అయిపోయాయి. అన్నిటి అడుగులూ నున్నగా ఉన్నాయి. మధ్యాహ్నం ఇంకా బోలెడు మిగిలింది. ఫోను చేసింది.

"జూన్‌లో స్కూలు మూసేస్తారు. కారేసుకుని వద్దామనుకుంటున్నా."

"ఇక్కడంతా గాలీ దుమ్మూ, మార్లిస్. చూడ్డానికేం లేదు."

"దుమ్ము చూడ్డానికి రావట్లేదు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎన్నాళ్లుంటావ్?"

"ఆగస్టు దాకా సెలవులే."

ఆ తర్వాత ఏమిటన్నది ఆయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు. లోపల్నించి ఐరీన్ పిలిస్తే ఆయన లేచి వెళ్లాల్సి వచ్చింది. మార్లిస్ గరాజు తలుపు పైకెత్తి నిలబడింది. దక్షిణంగా పోయే రోడ్డు మీద మంచు ఇంకా కరగలేదు. జూన్ రావడానికి పదకొండు వారాలుంది.