లాగి చూసిన తాళం

సాయంత్రం ఐదింటికి తాళాలక్క మెయిల్ ఉన్న కంపెనీ తన సర్వర్‌ను మూసేస్తోంది. ఆ తర్వాత అందులోని ఉత్తరాలన్నీ గంగలో కలిసినట్టే. నెల ముందే నోటీసు పంపారు మహానుభావులు. ఆమె దాన్ని చూసింది మాత్రం ఇవాళ పొద్దున!

ఆమె తాళాల కొట్టు నాన్న పెట్టింది. గొంతు ఆపరేషన్‌తో ఆయనకు మాట పోయింది, వణికే చేతికి కలం కుదరలేదు. అందుకే పోయేదాకా ఆరేళ్లు పక్క గదిలోంచే కూతురికి మెయిల్ కొట్టేవాడు. 'కూరలో ఉప్పు తగ్గింది.' 'మీ ఆయన్ని తిట్టకు, పాపం.' నాలుగు వేల పైచిలుకు సాధింపులు! ఆయన గొంతంటూ మిగిలింది వాటిలోనే.

"అన్నీ మన కంప్యూటర్లోకి దిగిపోయాయి వదినా," అన్నాడు మరిది, రెండున్నరకి ఒళ్లు విరుచుకుంటూ. "ఇదిగో లిస్టు. ఇక టీ పెట్టు."

ఆ కొట్టులో ఏ తాళమైనా మూడుసార్లు లాగి చూశాకే గడప దాటుతుంది. వేసినంత మాత్రాన అది తాళం కాదనేవాడు నాన్న. తాళాలక్క వంగి నెట్ వైరు ఊడబీకింది.

"అయ్యయ్యో, అదేంటి వదినా!"

"ఐదింటికి వాళ్లు చేసే పని నేనిప్పుడే చేశా. ఏదీ, ఒకటి తెరువు."

తెరిచాడు. తెల్లటి ఖాళీ. ఇంకోటీ అంతే. తేదీలు, పేర్లు దిగాయి, లోపలి మాట ఒక్కటీ దిగలేదు. పైన పటారం, లోన లొటారం!

మరిది ముఖం మాడింది. "ఉత్తరం మొత్తం దించమని అడగలేదు... తప్పు నాదే. ఇప్పుడన్నీ రావేమో వదినా. ముఖ్యమైనవి ఏరు."

"మా నాన్న మాటల్లో ముఖ్యం కానిదేదో నువ్వు చెప్పు! చెప్పలేవుగా? కానీ మరి."

వైరు మళ్లీ తగిలించి, షట్టర్ సగానికి దించేసింది. నెట్ వాడుతున్న ఫోన్లన్నీ ఆపించింది. లైను రెండుసార్లు తెగింది. రెండుసార్లూ మరిది తల పట్టుకున్నాడు, ఆమె మళ్లీ మొదలెట్టించింది. వచ్చిన గిరాకీని కూడా రేపు రమ్మంది. ఐదుకు పది నిమిషాలుందనగా ఆఖరిది దిగింది.

"ఈసారి ఒట్టు వదినా."

"నీ ఒట్టు గట్టున పెట్టు," అంటూ వైరు మళ్లీ పీకింది. మొట్టమొదటి ఉత్తరం తెరిచింది, వచ్చింది. మధ్యలోది తెరిచింది, అదీ వచ్చింది. మూడోది నాన్న పోయే ముందు రోజు పంపినది. ఆ రోజు చిరాకులో తను జవాబివ్వలేదు. పక్క గదేగా, తర్వాత చెప్పొచ్చులే అనుకుంది.

'కొట్టు మూశావా? తాళం లాగి చూశావా? పలకవేమే?'

కళ్లనీళ్లు బొటబొటా కారాయి. తుడుచుకోనైనా లేదు.

"చూశాను నాన్నా," అంది పైకే. "మూడుసార్లు చూశాను."