ఇశ్రాయేలు సైకిలు

ఉపదేశి ఇశ్రాయేలు బతికినన్నాళ్లూ పెద్దారవీడు చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ సైకిలు మీదే తిరిగాడు. సముద్రం దాటి సీమకు వెళ్లిపోతూ పాదిరి దొర ఇచ్చిన సైకిలు అది. సొంత ఊళ్లో మాత్రం దాన్ని తొక్కలేదు. కాపుల వీధి మొదట్లో దిగి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, చివరిదాకా నడిపించుకుంటూ పోయేవాడు. వెనకాలే నడిచిన కొడుకు రాజరత్నానికి చిన్నప్పటి నుంచీ అది కడుపులో నిప్పు.

తండ్రి పోయాక సైకిలు తుప్పుపట్టింది. సీటును ఎలుకలు కొరికేశాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు, మిషన్ బడిలో పంతులైన రాజరత్నం దాన్ని మార్కాపురంలో సైకిలు షాపు మాల్యాద్రి ముందు నిలబెట్టాడు.

“కొత్త సామాను ఎక్కిస్తే రేపే తొక్కుకుంటా పోవచ్చు అయ్యవారూ.”

“వద్దన్నా. మా నాయన తొక్కినప్పుడు ఎట్ల ఉండిందో అట్లనే ఉండాల. ఆ కాలం సామానే వెతుకుదాం.”

“ఏంది నీ పంతం?”

“ఆ వీధిలో ఆయన్ని ఈ బండి ఎక్కనీలేదు. నేను ఇదే బండి మీద పోవాల. వేరే బండి మీద పోతే ఏం లాభం?”

ఇద్దరూ వెతకడం మొదలుపెట్టారు. బ్రేకు కడ్డీలు దొనకొండలో పింఛను పుచ్చుకున్న రైలు డ్రైవరు దగ్గర దొరికాయి. గిద్దలూరు పాతసామాన్ల దుకాణంలో కార్బైడు దీపం దొరికింది. తోలు సీటు ఒక్కటే ఎక్కడా లేదు. చివరికి మాల్యాద్రి కొన్న తుక్కులోంచి అదే కంపెనీ సీటు, స్ప్రింగులతో సహా బయటపడింది. ఆముదం పట్టించి మెత్తబరిచాడు.

“ఇది ఎవరిది అన్నా?”

“మీ ఊరి కాపుల రంగయ్య వాళ్ల నాయన సైకిలుది. గొడ్లపాకలో పడుంటే పాత ఇనుముతో అమ్మేసినాడు.”

సీటు బిగించాక వచ్చిన ఆదివారం ప్రార్థన కాగానే రాజరత్నం సైకిలెక్కాడు. కాపుల వీధి మొదట్లో దిగలేదు. గంట కొట్టాడు. అరుగుల మీదివాళ్లు తలలు తిప్పి చూశారు. సగం వీధి దాటాక రంగయ్య అడ్డం వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు.

“ఏరా రత్నం, దిగబుద్ధి కాలేదా? మీ నాయన ఏనాడన్నా ఇట్ల పోయినాడా?”

అంటూనే ఆయన చూపు సీటు వెనక ఇత్తడి బిళ్ల మీద పడింది. దాని మీద ఆయన తండ్రి పేరు చెక్కి ఉంది.

“ఇది మా నాయన సీటు! దీని మీద నువ్వు కూర్చుంటావా?”

“మీరు అమ్మినారు. నేను కొనుక్కున్నా.”

“తుక్కు కింద అమ్మినా గానీ, నీ కిందికి అమ్మినానా?”

రాజరత్నానికి ఒళ్లు మండిపోయింది. పేడలో పడి ఉన్నన్నాళ్లూ గుర్తురాని నాయన, తను కూర్చోగానే గుర్తొచ్చాడు! తన నాయన ఇదే వీధిలో ఎండనకా వాననకా తలవంచుకుని నడుస్తుంటే, ఆయనకూ ఒక కొడుకున్నాడని ఒక్కరైనా అనుకున్నారా? కొట్టాలనిపించింది. కొడితే పొద్దుగూకేసరికి ఊరవతల తమ పేటలో గుడిసెలు మిగలవు.

సైకిలు దిగాడు. అరుగు మీద ఎవరో నవ్వారు. రంగయ్య హ్యాండిలు వదిలాడు. రాజరత్నం సంచిలోంచి పానా తీసి, మర వదులు చేసి, సీటు ఊడదీసి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

“మీ నాయన సీటు మీరే ఉంచుకోండి. బండి మా నాయనది. వీధి సర్కారుది.”

సీటు లేని సైకిలెక్కి, పెడళ్ల మీద నిలబడి, గంట కొడుతూ వీధి చివరిదాకా తొక్కాడు. కోపానికి కళ్లల్లో నీళ్లు తిరిగి దారి సరిగా కనబడలేదు.

పంచాయితీకి పిలిస్తే పోలేదు. వీధిలో ముళ్లకంప పరిచారు. మాల్యాద్రి ట్యూబులు అతికించాడు. రాజరత్నం రోజూ బడికి ఆ వీధినే, సీటు లేని బండి మీదే పోయాడు.

రంగయ్య మాత్రం ఆ సీటును ఇంట్లోకి తీసుకుపోలేకపోయాడు. పేటవాడు కూర్చున్నదని తల్లి వెంకటసుబ్బులమ్మ గడప దాటనివ్వలేదు. అది గోడ పక్కనే వానకు నానింది, కుక్కలు పీకాయి.

“ఇంతేనా నాయన మీద ప్రేమ!” అని, దాన్ని దాటిన ప్రతిసారీ రాజరత్నం పళ్లు కొరికేవాడు.